మొగ్గ తొడగకముందే చామంతి ఎత్తును అదుపు చేయడం ఎలా?

కుండీలోకం

నమస్కారం. కుండీల్లో చామంతి పెంచుతున్నాను. వేరు పోసుకున్న కొమ్మలను 15 సెంటీమీటర్ల కుండీల్లో నాటాను. మొగ్గ జాడ ఇంకా లేదు గానీ మొక్కలు మాత్రం పోటీపడి పైకి సాగుతున్నాయి. కాండం సన్నగా ఉంది, నీళ్లు పోస్తే చాలు పక్కకు ఒరిగిపోతోంది. అడుగున కణుపుకూ కణుపుకూ మధ్య 2 సెంటీమీటర్లు ఉంటే, పై భాగంలో 5 దాకా ఉంది. పైకప్పు పారదర్శకమైన షీటు. ముందే మొగ్గ తొడగకుండా రాత్రిపూట బల్బు వెలిగిస్తున్నాను.

నాకు కావలసింది గుబురుగా, కుండీకి తగిన ఎత్తులో ఉండే మొక్క. ఇప్పుడు తలలు తుంచాలా, వంచి కట్టాలా, ఎదుగుదలను తగ్గించే మందు కొట్టాలా? పూత దశ మొదలైతే ఇక ఎత్తు గురించి చేయగలిగింది ఏమీ లేదని కొందరు అంటున్నారు. అది ఎంతవరకు నిజం?

పాతతోట

మందు మాట తర్వాత చూద్దాం. ముందు ఈ మూడింటికి జవాబు చెప్పండి. కుండీల మధ్య ఎడం ఎంత? బల్బు ఏ రకం? రాత్రంతా వెలుగుతుందా, కొంతసేపేనా?

కుండీలోకం

కుండీలు అంచుకు అంచు తగిలేలా పెట్టాను, స్థలం తక్కువ. బల్బు పాత రకం, లోపలి తీగ వేడెక్కి వెలిగేది. చీకటి పడినప్పటి నుంచి తెల్లవారేదాకా వెలుగుతూనే ఉంటుంది.

పాతతోట

ఇంకేం, సగం రోగం అక్కడే ఉంది. మీ మొక్కలకు తిండి ఎక్కువై పెరగడం లేదు, వెలుగు కోసం పక్కవాటితో తన్నుకుంటూ పెరుగుతున్నాయి. ఈరోజే కుండీలను దూరం జరపండి. ఒక మొక్క ఆకు కొస ఇంకో మొక్క ఆకు కొసకు తగలకూడదు. మొక్క వెడల్పయ్యే కొద్దీ మళ్లీ జరపాలి. స్థలం లేకపోతే కుండీల సంఖ్య తగ్గించుకోవడమే మార్గం. పైకప్పు షీటు మీద దుమ్ము, పాచి పేరుకుని ఉంటే కడిగేయండి. పాతబడిన షీటు ఎంత వెలుగు మింగేస్తుందో కడిగాక గానీ తెలియదు.

ఆకుపచ్చసిరా

పాతతోట గారు చెప్పినదానికి కారణం కూడా చెప్పుకుంటే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది. దాని పక్కనే ఉండే, మన కంటికి దాదాపు కనిపించని దూర ఎరుపు కాంతిని చాలావరకు వదిలేస్తుంది. కాబట్టి పక్క మొక్క ఆకులగుండా వచ్చిన వెలుగులో, వాటిని తాకి మళ్లిన వెలుగులో ఎరుపు తక్కువ, దూర ఎరుపు ఎక్కువ. మొక్కలో ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ రెండింటి నిష్పత్తిని పసిగడుతుంది. సుమారు 660 నానోమీటర్ల ఎరుపు తగిలితే ఒక రూపంలోకి, 730 దగ్గరి దూర ఎరుపు తగిలితే ఇంకో రూపంలోకి మారుతుంది. ఎండలో ఈ రెండూ దాదాపు సమానంగా ఉంటాయి, ఎరుపు కొంచెం ఎక్కువ. గుబురు కింద దూర ఎరుపుదే పైచేయి. అది తెలిసిన మరుక్షణం మొక్క కణుపుల మధ్య దూరం పెంచేస్తుంది, పక్క కొమ్మలను ఆపేస్తుంది, కాండాన్ని సన్నగా సాగదీస్తుంది. ఇంకా నీడ పడకముందే, పక్క మొక్క దగ్గరకొస్తోందని తెలిసినా ఇదే చేస్తుంది. అందుకే ఎడం విషయంలో తర్వాత చూద్దామని కూర్చోకూడదు.

ఇక మీ బల్బు. తీగ వేడెక్కి వెలిగే బల్బులో దూర ఎరుపు పాలు ఎక్కువ. అది మొగ్గను ఆపుతుంది, నిజమే. కానీ దాంతోపాటు రాత్రంతా మొక్క చెవిలో సాగు, సాగు అని చెబుతూనే ఉంటుంది.

కొత్తమొలక

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. అసలు రాత్రి బల్బు ఎందుకు? నేను కూడా చామంతి పెడదామనుకుంటున్నాను. బల్బు పెట్టేవాళ్లను ఎప్పుడూ చూడలేదు.

పూలనర్సరీ

పెరట్లో పెంచేవాళ్లు పెట్టరు, అమ్మకానికి పెంచేవాళ్లు పెట్టక తప్పదు.

చామంతి తక్కువ పగటి మొక్క. మామూలు రకాల్లో పగలు సుమారు 14.5 గంటల కన్నా తగ్గితే మొగ్గకు పునాది పడుతుంది, 13.5 గంటల కన్నా తగ్గితే ఆ మొగ్గ సరిగా ఎదుగుతుంది. రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. ఇప్పుడు భూమధ్యరేఖకు 17 డిగ్రీల దూరంలో ఉన్నవారి సంగతి చూడండి. అక్కడ ఏడాదిలో అతి పొడవైన పగలు సుమారు 13 గంటలే. అంటే చామంతి దృష్టిలో అక్కడ ఏడాది పొడవునా పూత కాలమే. నాటిన కొమ్మ జానెడు ఎదగకముందే మొగ్గ వేసి ఊరుకుంటుంది. దాన్ని ఆపి, మొక్కకు కొంత ఒళ్లు రానివ్వడానికే రాత్రి వెలుగు. 40 డిగ్రీల అక్షాంశంలో అయితే వేసవి పగలు 15 గంటలు, అక్కడ సూర్యుడే ఆ పని చేసిపెడతాడు.

కానీ రాత్రంతా వెలిగించడం దండగ. మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, చీకటిని. ఆ చీకటిని నడిమధ్యలో విరగ్గొడితే చాలు. రాత్రి 10 నుంచి 2 దాకా నాలుగు గంటలు, మొక్క తల దగ్గర సుమారు 100 లక్స్ వెలుగు. అంతకు మించి అక్కర్లేదు.

ఆకుపచ్చసిరా

చీకటిని లెక్కపెడుతుందన్న సంగతి 1938లో తేలింది. హామ్నర్, బానర్ అనే ఇద్దరు మరుల మాతంగి జాతి మొక్క మీద పరీక్షించారు. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే మొక్క పట్టించుకోలేదు, రాత్రి మధ్యలో కాసేపు వెలుగు చూపిస్తే పూత ఆగిపోయింది.

దానికి ముందు కథ కూడా ఉంది. 1912 ప్రాంతంలో జూలియన్ టూర్న్వా అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త బీరులో వాడే హాప్స్ తీగ, గంజాయి జాతి నార మొక్కల మీద పనిచేస్తూ, చలికాలపు పొట్టి పగళ్లలో మొలిచినవి చిన్నగా ఉండగానే పూతకు రావడం గమనించాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లోనే చనిపోవడంతో ఆ పని అక్కడే ఆగింది. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ 1920లో ఒక పొగాకు రకంతో, సోయాతో అదే విషయాన్ని నిర్ధారించి దానికో పేరు పెట్టారు. ఆ పొగాకు మేరీలాండ్ మామత్. వేసవి పొలంలో పూయకుండా మూడు మీటర్ల పైకి పెరుగుతూ పోయేది. చలికాలంలో గాజుగదిలో మాత్రం చక్కగా పూసేది. ఎత్తూ పూతా ఒకే తాడుకు రెండు కొసలని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? పూతకు ఆజ్ఞ రాలేదంటే కాండం పెరుగుతూనే ఉంటుంది.

ఉత్తరతోట

నేనుండేది 50 డిగ్రీల అక్షాంశం పైన. మాకు సమస్య తలకిందులు. వేసవిలో పగలు 16 గంటలు దాటుతుంది, మొగ్గ రమ్మన్నా రాదు. సాయంత్రం నల్లగుడ్డ కప్పి చీకటి చేస్తే గానీ ఎత్తు ఆగదు. ఎండ దిగకముందే కప్పితే లోపల ఉడికిపోతుంది, ఆ వేడికి మొగ్గలు ఇంకా ఆలస్యమవుతాయి. కాబట్టి కొంచెం చల్లబడ్డాక కప్పి, ఉదయం ఆలస్యంగా తీస్తాను. మొత్తం చీకటి 13 గంటలు ఉంటే చాలు. గుడ్డకు చిన్న చిరుగున్నా దాని కింది మొక్క మాట వినదు.

కుండీలోకం

చాలా విషయాలు తెలిశాయి, అందరికీ ధన్యవాదాలు. కుండీలు దూరం జరిపాను, కొన్నింటిని వేరే చోటుకు మార్చాను. బల్బు స్థానంలో ఏది పెట్టాలి? ఇప్పటికే సాగిపోయిన కాండం సంగతి ఏమిటి? అది మళ్లీ పొట్టి అవదు కదా.

పూలనర్సరీ

ఎల్ఈడీ పెట్టండి. మామూలు తెల్లది చాలు, అందులో దూర ఎరుపు దాదాపు ఉండదు. ఎరుపు ఎల్ఈడీ దొరికితే తక్కువ కరెంటుతో అదే పని అవుతుంది. టైమరు మాత్రం తప్పనిసరి. రోజూ చేత్తో వేసి ఆపుతానంటే ఒకనాడు కాకపోతే ఒకనాడు మరచిపోతారు. వరుసగా కొన్ని రాత్రులు వెలుగు తప్పితే మొక్క మొగ్గకు సిద్ధమైపోతుంది, తర్వాత మళ్లీ వెలిగించినా ఆ మొగ్గలు సరిగా విచ్చుకోక వికారంగా తయారవుతాయి.

సాగిన కాండం పొట్టి అవదు. తుంచండి.

వంపుకొమ్మ

తుంచడం ఎందుకండీ, వంచితే పోలా? కొసను కోసేసి మొక్కను గాయపరచడం కన్నా, కాండాన్ని మెల్లగా పక్కకు వంచి కుండీ అంచుకు మెత్తటి దారంతో కడితే సరి. కొస కిందికి దిగగానే మధ్యలో ఉన్న కణుపులన్నీ మేల్కొంటాయి. ఎత్తు తగ్గుతుంది, ఆకు ఒక్కటి కూడా పోదు. నేను టమాటా, మిరపలతో సహా అన్నింటికీ ఇదే చేస్తాను.

పాతతోట

చామంతి కాండం మిరప లాంటిది కాదు. లేతగా ఉన్నప్పుడు పుటుక్కున విరుగుతుంది, కొంచెం ముదిరితే చెక్కబారి వంగనంటుంది. మధ్యలో ఉన్న కొద్ది రోజుల్లో మాత్రమే మీ దారం పనిచేస్తుంది. ఒక కుండీకైతే సరదాగా చేసుకోవచ్చు. వరుసల కొద్దీ ఉన్న కుండీలకు ఎవరు కడతారు? పైగా వంచిన కొస మళ్లీ రెండు రోజుల్లో పైకి లేచి కూర్చుంటుంది.

వంపుకొమ్మ

లేస్తే మళ్లీ కడతాను. ఓపిక ఉన్నవాడికి దారం, తొందర ఉన్నవాడికి కత్తెర.

ఆకుపచ్చసిరా

ఇద్దరూ చేసేది ఒకే పని. కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క మొగ్గలను నిద్రపుచ్చుతుంది. కొసను తీసేసి ఆ చోట ఆక్సిన్ పూస్తే పక్క మొగ్గలు మళ్లీ లేవలేదని 1930లలోనే తిమన్, స్కూగ్ చూపించారు. కొస పోవడంతో పైకి వెళ్లే చక్కెరలు పక్కకు మళ్లడం కూడా ఒక కారణమని ఇటీవలి పరిశోధనలు అంటున్నాయి. వంచితే ఈ అదుపు సడలుతుంది, తుంచితే పూర్తిగా పోతుంది. తేడా అంతే.

మొగ్గకు ముందు దశలో చామంతికి నేనైతే తుంచడానికే ఓటు వేస్తాను. కారణం ఒకటే. తుంచినప్పుడు పక్క కొమ్మలన్నీ ఒకే రోజున బయలుదేరతాయి, ఒకే ఎత్తుకు వస్తాయి, పూలు ఒకేసారి విచ్చుకుంటాయి. వంచినప్పుడు పైకి తిరిగిన కణుపు ముందు, మిగతావి వెనక.

కొత్తమొలక

తుంచడం అంటే ఎంత వరకు తుంచాలి? కత్తెరతోనా, చేత్తోనా? కొంచెం వివరంగా చెబుతారా?

పాతతోట

చేత్తోనే. కొత్త వేరు పట్టిందని నమ్మకం కుదరాలి. అంటే కొస నిగనిగలాడుతూ లేత ఆకుపచ్చలోకి తిరిగి, కొత్త ఆకులు విప్పుకుంటూ ఉండాలి. నాటిన వెంటనే తుంచితే మొక్క దిగాలుపడి అలాగే నిలబడిపోతుంది.

అడుగు నుంచి లెక్కపెట్టి బాగా విచ్చుకున్న ఆకులు ఆరో ఏడో వదలండి. దానిపైన ఉన్న లేత కొసను బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పక్కకు వంచండి. సరైన చోటైతే టప్పున తెగుతుంది, చేతికి పచ్చి వాసన అంటుకుంటుంది. తెగకుండా పీచులా సాగితే మీరు ముదురులోకి దిగారని అర్థం. తెగేది ఒకటి రెండు సెంటీమీటర్లకు మించనక్కర్లేదు. ముదురు కాండం దాకా కోస్తే చిగుర్లు తక్కువ వస్తాయి, ఆలస్యంగా వస్తాయి. మిగిల్చిన ప్రతి ఆకు మొదట్లో ఒక పక్క మొగ్గ ఉంటుంది. ఆకులు ఎన్ని వదిలితే గుబురు అంత, కాబట్టి అడుగు ఆకులను చీడకు గానీ, తడికి కుళ్లడానికి గానీ వదలకండి.

కుండీలోకం గారి మొక్కలకు ఈ లెక్క సరిపోదు. అక్కడ పై భాగమంతా సాగిపోయింది. ఆ సాగిన ముక్క మొత్తం తీసేసి, దగ్గర కణుపులున్న చోటికి రండి. కొంచెం ముదురైనా ఫరవాలేదు, చిగురు నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, అంతకు మించి నష్టం లేదు. తీసిన కొసలను పారేయకండి, ఇసుకలో గుచ్చితే అవే కొత్త మొక్కలు.

కుండీలోకం

తుంచడం అయిపోయింది. తీసిన కొసలను వేరు కోసం పెట్టాను. ఎదుగుదల తగ్గించే మందుల గురించి ఎవరూ చెప్పలేదు. నర్సరీ మొక్కలు అంత పొట్టిగా, అంత సమానంగా ఉండటం మందు లేకుండా సాధ్యమేనా?

మందువద్దు

సాధ్యమే. పువ్వు కోసం పెంచుతూ విషం ఎందుకు కొట్టాలి? నర్సరీల వాళ్లు మొక్కను పొట్టిగా అమ్ముతారు. కొనుక్కున్నవాళ్లు ఇంటికి తెచ్చి, పూత అయ్యాక కత్తిరిస్తే అది నెలల తరబడి ముడుచుకునే ఉంటుంది. మట్టి మార్చితే గానీ కోలుకోదు. ఈ మోసం ఎవరూ చెప్పరు.

పూలనర్సరీ

మోసం అనకండి, మా వృత్తిలో అందరూ వాడేదే. కానీ మీరు చెప్పిన లక్షణం మాత్రం నిజం, అది ఏ మందుకు చెందిందో కూడా చెప్పుకోవాలి.

మొక్క సాగడానికి జిబ్బరెల్లిన్ అనే హార్మోను కావాలి. దాని తయారీని అడ్డుకోవడమే ఈ మందులన్నిటి పని. చామంతి మీద ఎక్కువగా వాడేది డామినోజైడ్. ఆకు మీద పిచికారీ చేస్తేనే పనిచేస్తుంది, మట్టిలో పోస్తే వృథా. ప్రభావం కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. రెండోది పాక్లోబ్యుట్రజాల్. ఇది వేరు నుంచీ కాండం నుంచీ పైకెక్కుతుంది, అతి తక్కువ మోతాదుకే గట్టిగా పట్టేస్తుంది, మట్టిలో చాలాకాలం నిలిచిపోతుంది. ముడుచుకుపోయిన మొక్క కథ దీనిదే అయి ఉంటుంది. అదే కుండీలో, అదే మట్టిలో మరో పంట వేస్తే అది కూడా గిడసబారిపోతుంది.

వాడితే గీడితే సమయం ముఖ్యం. తుంచాక పక్క కొమ్మలు మూడు నాలుగు సెంటీమీటర్లు వచ్చినప్పుడు మొదటిసారి. అప్పటికి మొక్క ఇంకా సాగలేదు, సాగబోతోంది. సాగిపోయిన తర్వాత కొడితే పొట్టి అవదు. మొగ్గ కనబడ్డాక కొడితే పువ్వు చిన్నదవుతుంది, పూత ఆలస్యమవుతుంది. మోతాదు సీసా మీద రాసినదే, అంతకు చుక్క ఎక్కువ వద్దు.

ఆకుపచ్చసిరా

ఒక హెచ్చరిక చేర్చాలి. డామినోజైడ్‌ను ఒకప్పుడు ఆపిల్ తోటల్లో కూడా వాడేవారు. దాని నుంచి పుట్టే పదార్థం మీద భయాలు రేగడంతో 1989లో అమెరికాలో తినే పంటల మీద వాడకం ఆగిపోయింది, పూల మొక్కలకు మాత్రమే మిగిలింది. కాబట్టి రేకులతో కషాయమో టీయో కాచుకునే చామంతి అయితే ఈ మందుల ఊసే వద్దు. తినేది, తాగేది, పొగబెట్టేది ఏ మొక్కకైనా ఇదే మాట.

జిబ్బరెల్లిన్ బయటపడిన తీరు కూడా చెప్పుకోదగినదే. వరి నారులో కొన్ని మొక్కలు పిచ్చిగా సాగి, పాలిపోయి, పడిపోయే తెగులు ఒకటుంది. దానికి కారణం ఒక శిలీంధ్రం వదిలే పదార్థమేనని 1926లో కురొసావా తేల్చాడు. తర్వాత యబుతా దాన్ని వేరుచేసి పేరు పెట్టాడు. మనం ఇక్కడ తిట్టుకుంటున్న సాగుడంతా ఆ పదార్థం చలవే.

మందువద్దు

సరే, మోసం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇంట్లో పెంచుకునేవాళ్లకు ఆ సీసా అవసరమే లేదన్న మాట మీద మాత్రం నిలబడతాను. ఎడం, వెలుగు, తుంచడం, నీరు. ఈ నాలుగూ సరిగా ఉంటే ఎక్కడ సాగుతుంది?

పూలనర్సరీ

ఇంట్లో పెంచుకునేవాళ్ల విషయంలో మీతో నాకు తగవు లేదు.

ఉత్తరతోట

వేడి సంగతి మరచిపోతున్నారు. గాజుగదిలో పెంచేవాళ్లకు అది పెద్ద ఆయుధం. పగటి వేడికీ రాత్రి వేడికీ తేడా ఎంత ఎక్కువైతే కణుపుల మధ్య అంత దూరం. పగలు 28, రాత్రి 16 ఉంటే బాగా సాగుతుంది. రెండూ సమానమైతే తగ్గుతుంది. రాత్రి కన్నా పగలు చల్లగా ఉంటే బాగా పొట్టి అవుతుంది. 1980లలో మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పూల మొక్కల మీద వివరంగా రాబట్టారు. పగలంతా చల్లబరచడం ఎవరి వల్లా కాదు గనుక ఒక కిటుకు ఉంది. తెల్లవారడానికి కొంచెం ముందు నుంచి రెండు మూడు గంటలు చల్లగాలి లోపలికి వదిలితే చాలు, ఫలితంలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. కాండం ఎక్కువగా సాగేది ఆ వేళలోనే.

పాతతోట

ఆరుబయట పెంచేవాళ్ల చేతిలో వేడి ఎక్కడుందండీ. వాళ్ల చేతిలో ఉన్నది నీటి గొట్టం.

నీటి విషయం నేను చెబుతాను. పై మట్టి ఆరి, కుండీ ఎత్తితే తేలిగ్గా అనిపించాక పోయండి. ఆకు ఇంకా వాలకూడదు, కానీ మట్టి ఎప్పుడూ బురదలా కూడా ఉండకూడదు. కణాలు నీటి ఒత్తిడితోనే ఉబ్బి సాగుతాయి, ఆ ఒత్తిడి కొంచెం తక్కువైతే కాండం పొట్టిగా గట్టిపడుతుంది. ఇది చేతకాకపోతే మానేయండి, ఎండగట్టి అడుగు ఆకులు రాలగొట్టుకోవడం కన్నా పొడుగు మొక్కే నయం. మొగ్గ దశ మొదలయ్యాక మాత్రం నీటి కొరత పెట్టకూడదు.

ఎరువులో యూరియా, అమ్మోనియా రూపంలో నత్రజని ఎక్కువైతే మెత్తగా సాగుతుంది. నైట్రేటు రూపంలో ఇస్తే గట్టిగా వస్తుంది. పూల మొక్క కదా అని భాస్వరం దండిగా పోసేవాళ్లున్నారు, అది కూడా మొక్కను పైకే లాగుతుంది. పూత రావడానికి భాస్వరం గుప్పించనక్కర్లేదు, కావలసింది చీకటి.

వంపుకొమ్మ

ఇంకొకటి ఉంది, నవ్వకండి. రోజూ మొక్కల తలల మీదుగా చెయ్యి గానీ, మెత్తటి కర్ర గానీ మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే పొట్టిగా, గట్టిగా పెరుగుతాయి. గాలికి ఊగే చోట పెరిగిన మొక్క గదిలో పెరిగినదానికన్నా పొట్టిగా ఉండటం చూడలేదా?

ఆకుపచ్చసిరా

నవ్వనవసరం లేదు, నిజమే. తాకిడికి మొక్క సాగడం తగ్గించి మందం పెంచుకుంటుంది. 1973లో జాఫ్ అనే శాస్త్రవేత్త దీనికి పేరు కూడా పెట్టాడు. నారుమళ్లలో వాడతారు. తడి ఆకుల మీద మాత్రం చెయ్యి ఆడించకండి, తెగుళ్లను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మీరే మోసుకెళ్లినట్టు అవుతుంది. ఒక చిన్న ఫ్యాను తిప్పినా సరిపోతుంది.

కుండీలోకం

కొత్త కబురు. తుంచిన ప్రతి మొక్కకూ నాలుగైదు పక్క చిగుర్లు వచ్చాయి. కొత్త కణుపుల మధ్య దూరం ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లకు మించలేదు. ఆకులు మందంగా, ముదురు రంగులో ఉన్నాయి. ఎల్ఈడీ, టైమరు అమర్చాను. ఎడం వల్లనో, బల్బు వల్లనో ఏది ఎంత పనిచేసిందో చెప్పలేను గానీ, రూపం మారిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. లైట్లు ఎప్పుడు ఆపాలి? రెండోసారి తుంచాలా?

పూలనర్సరీ

ఎత్తు చివరికి ఎక్కడ ఆగుతుందో నిర్ణయించేది ఈ తేదీయే.

లైట్లు ఆపిన రోజున పెరుగుదల ఆగదు. మొగ్గ కంటికి కనబడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, ఈలోగా కొమ్మలు సాగుతూనే ఉంటాయి. మొగ్గ ఏర్పడిన కొస ఇక కొత్త ఆకు వేయదు. అప్పుడే ఆట ముగుస్తుంది. మీరు మొదట అడిగారు చూడండి, పూత దశ మొదలయ్యాక చేయగలిగింది ఏమీ లేదా అని. ఆ మూడు నాలుగు వారాల్లో ఎడం, చల్లదనం పనికొస్తాయి. తుంచడం మాత్రం పనికిరాదు, తుంచితే పువ్వునే తుంచినట్టు.

కాబట్టి వెనక నుంచి లెక్కపెట్టుకోండి. మొక్క ఎత్తు కుండీ ఎత్తుకు ఒకటిన్నర, రెండు రెట్లు ఉంటే చూపుకు బాగుంటుంది. అందులోంచి ఆపిన తర్వాత సాగబోయే ఎత్తును తీసేయండి. పొడుగు రకమైతే తుంచిన రోజునే లైట్లు ఆపేస్తాం. నడిరకమైతే ఆ తర్వాత ఒక వారం ఇస్తాం. పొట్టి రకమైతే రెండు వారాలు కూడా ఇవ్వవచ్చు. మీది ఏ రకం?

కుండీలోకం

రకం పేరు తెలియదు. తెచ్చిన చోట పసుపు పూలు అన్నారు, అంతే.

పాతతోట

పేరు లేకపోతే కొలబద్ద ఉంది. ఒక మొక్కను గుర్తుపెట్టుకుని వారానికోసారి కొలవండి, కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు చిగుర్లు ఎంత ఉన్నాయి?

కుండీలోకం

నాలుగు సెంటీమీటర్ల దగ్గర.

పాతతోట

అయితే ఈ రాత్రి నుంచే ఆపండి. రెండో తుంచడం వద్దు. మీ కుండీకి నాలుగైదు కొమ్మలు చాలు, ఇంకా ఎక్కువైతే కొమ్మలు సన్నబడి పువ్వు బరువుకు వాలిపోతాయి. నేలలో పెంచేవాళ్లయితే రెండోసారి తుంచుకోవచ్చు. వాళ్లు కూడా రాత్రులు పొడవవడానికి ముందే ఆపాలి.

కొత్తమొలక

లైట్లు ఆపాక పువ్వు ఎప్పటికి వస్తుంది?

పూలనర్సరీ

రకాన్ని బట్టి ఆరు నుంచి పదిహేను వారాలు. కుండీల రకాలు ఎక్కువగా ఏడు నుంచి పది వారాల్లోపే. రాత్రుళ్లు మరీ వేడిగా ఉంటే ఇంకా ఆలస్యం.

కుండీలోకం

మళ్లీ నేనే. మొగ్గలు వచ్చాయి, మినుము గింజంత ఉన్నాయి. ఎత్తు అనుకున్న చోటే ఆగింది. కానీ మెట్ల వైపున్న ఒక వరుసలో మాత్రం ఒక్క మొగ్గ లేదు. అవి ఇంకా పైకే పోతున్నాయి, పక్క వరుసకన్నా నాలుగు వేళ్లు ఎత్తున ఉన్నాయి. నీరు, ఎరువు, తుంచడం అన్నీ ఒకటే. ఏం జరిగి ఉంటుంది?

ఉత్తరతోట

ఆ వరుస మీద రాత్రిపూట ఏ వెలుగు పడుతోంది?

కుండీలోకం

మెట్ల దగ్గర దీపం ఉంది. రాత్రంతా వెలుగుతుంది. అంత మందపు వెలుగు లెక్కలోకి వస్తుందని అనుకోలేదు.

ఉత్తరతోట

ఆ వెలుగులో పేపరు చదవగలిగితే చాలు, చామంతికి అది పగలే. దీపం ఆపలేకపోతే కుండీలను అటు నుంచి తీసేయండి, లేదా మధ్యలో నల్లగుడ్డ కట్టండి. ఈ రాత్రి నుంచి లెక్క మొదలు, మిగతా వరుసల కన్నా ఆ మేరకు ఆలస్యంగా పూస్తాయి.

కుండీలోకం

కుండీలు మార్చేశాను. ఇవి ఎలాగూ ఎత్తు ఎక్కువయ్యాయి కదా, మొగ్గ లేదు గనుక ఇంకోసారి తుంచవచ్చా?

పాతతోట

తుంచండి. కానీ ఈసారి ఒట్టి కొస మాత్రమే, గోటితో గిల్లినంత.